మగపెళ్ళివారు

షామియానా కొట్టు మూసేశాక
గుణుపూరులో మా పెరట్లో మిగిలినవి
పద్దెనిమిది ఇనప పైపులు, ఎర్రంచు పరదా ఒకటి,
ఇంకో మైకుపెట్టె, అందులో ఎలక పిల్లల్ని పెట్టింది.

కూర్మారావు పైపులన్నీ కలిపి
వంటింటి రేకు ముందు పందిరి బిగించాడు.
పడమటెండ నేరుగా పొయ్యి మీదికొచ్చి
నాకంటే ముందే చారు మరగబెట్టేస్తోందని
పదకొండేళ్ళు గొణిగిన గొణుగుడికి
అది జవాబు.

"ఏదైనా పాకించు" అన్నాడు.
ఏదైనా అన్నంత తేలికా?
ఎండకి నిలబడాలి. నీడ పరవాలి.
పరిచి ఊరుకోక, పూటకి కూరా కావాలి.

ఆనప అన్నాను ముందు.
ఒక్కో కాయ చంటిపిల్లంత బరువు కదా అని నేనే తగ్గాను.
"ఎవరెవరి పెళ్ళిళ్ళో మోసిన పైపులు,
నీ ఆనపకాయని మొయ్యలేవా?" అని నవ్వాడు.
మొయ్యగలవు. రాత్రి ఊడిపడితే
కింద పడుకునే కుక్క మాటేమిటి?

పొట్లకి తోకన రాయి కట్టాలి, లేదా వంకర తిరుగుతుంది.
నుదుటికి తగిలే రాళ్ళ కింద కూచుని
బియ్యం ఏరడం నావల్ల కాదు.
చిక్కుడు చలి తగిలితే గాని పూత పట్టదు.
బచ్చలి పాకుతుంది, నీడ మాత్రం పలచన.
దొండ తింటే బుద్ధి మందగిస్తుందంటారు,
ముప్ఫై రెండు పెళ్ళిళ్ళ బాకీలు
అడగడం మరిచిపోయిన మనిషికి
మళ్ళీ దొండకాయ కూడానా!

సంతలో సొంబారి కనిపించింది.
కొండ దిగి వచ్చిన సవర మనిషి,
గోనె మీద మట్టి అంటిన దుంపలు, బొటనవేలంతవి.
"ఆగాకరా?" అన్నాను.
"కంకొడొ" అంది.
ఆడదేదో మగదేదో చెప్పమన్నాను.
"పువ్వొస్తే నీకే తెలుస్తుంది. తెలిశాక నాకూ చెప్పు."
ఐదు కొన్నాను. పక్కింటి సుకాంతి
పగిలిన కాగులో పెట్టుకుంటానని రెండు తీసుకుంది.

వైశాఖంలో పైపు ముట్టుకుంటే
కాలిన అట్లకాడే.
లేత నులితీగ చెయ్యి చాపి, చురుక్కుమని,
వెనక్కి ముడుచుకుంది.
పరదా నిలువునా చించాను.
ఎన్ని ముహూర్తాలకో కట్టిన గుడ్డ,
ఇంకా కర్పూరం వాసన, కాస్త పాయసం మరకా.
పేలికలు పేలికలుగా పైపులకి చుట్టాను.
మర్నాడు చూస్తే
పట్టుకున్నాయి.

ఆషాఢం వానలకి పందిరి కప్పేసింది.
పొయ్యి మీద ఎండ చిల్లర పైసలై దొర్లుతోంది.
చారు ఇప్పుడు నేను చెప్పినప్పుడే మరుగుతోంది.
దీపాల వేళ పసుపు పూలు విచ్చాయి,
ఒకటీ రెండూ కాదు, చుక్కలు లెక్కపెట్టినట్టే.
ఒక్కదాని కిందా ముళ్ళ పూస లేదు.
తొడిమలన్నీ నున్నగా ఉన్నాయి.

నా పందిట్లోకి వచ్చిన ఐదూ
మగపెళ్ళివారే!

కూర్మారావు పడీ పడీ నవ్వాడు.
"మన పందిళ్ళలో ఎప్పుడూ వాళ్ళదేగా హడావిడి!"

గోడవతల సుకాంతి కాగులో
రెండు తీగలకీ బుల్లి బుల్లి ముళ్ళ పిందెలు,
పచ్చబడి రాలిపోతున్నాయి, ఏం తెగులో అని ఆమె దిగులు.
తెగులు కాదని చెప్పడానికి
నాకు ఒడియా చాలలేదు, ఆమెకి తెలుగు చాలలేదు.
ఒక పువ్వు కోసి, గోడ మీద నుంచి వంగి,
ఆమె పువ్వు నోటికి అద్ది చూపించాను.
ఇద్దరికీ ఎందుకో సిగ్గేసింది.

అప్పటి నుంచి రోజూ సందెవేళ
కొంగులో నాలుగు పూలతో గోడ దగ్గరికి వెళ్తున్నాను.
కాయలు ఆమె వైపు కాస్తాయి.
నీడ నా వైపు పడుతుంది.
ఆదివారం ఆకుదొప్పలో సగం ఇటొస్తాయి.
ఆమె ఆవపిండి నూరి వండుతుంది, నేను ఉల్లికారం పెడతాను,
ఎవరి కూర బాగుందో
ఇంతవరకూ ఎవరూ పైకి అనలేదు.

"సొంబారిని అడిగి పైయేడు
ఒక ఆడ దుంప తెద్దామా?" అన్నాడు కూర్మారావు నిన్న.

దీపాల వేళయింది.
పూలు విచ్చుకుంటున్నాయి.
నాకు పనుంది.