పి.పి. నంబరు

గుంటూరు బస్టాండు ఎదురుగా
సోడా బండికీ, చెప్పులు కుట్టే ఏసోబుకీ మధ్య నా డబ్బా.
పసుపు మీద ఎర్రక్షరాలు: ఎస్టీడీ, ఐఎస్డీ, పీసీవో.
వికలాంగుల కోటాలో వచ్చింది.
మూడు చక్రాల బండి దిగి స్టూలెక్కితే
రాత్రి పదకొండు దాకా దిగను.

ఆ జనవరిలో అమరావతిలో ఏవో పెద్ద పూజలట.
కంబళ్లలాంటి బట్టల్లో జనం దిగుతున్నారు,
మిరప ఘాటుకి తుముకుంటూ.
ఒకామె చీటీ చాపింది. సున్నాలతో మొదలయ్యే నంబరు.
ఏ దేశమమ్మా అంటే
చిటికెన వేలి గోరు చూపించింది.

అద్దానికంటించిన రేట్ల కాగితంలో
దుబాయుంది, కువైట్ ఉంది,
గోరంత దేశం లేదు.
బ్రాడీపేట బూత్ శేషాచారిని అడిగితే
"వేసుకోవయ్యా ఎంతో కొంత" అన్నాడు.

మోగింది. ఎవరో ఎత్తారు. ఆమె ఒక పేరు చెప్పింది.
అటు చెప్పులు పరిగెత్తిన చప్పుడు.
ఇటు మీటర్లో ఎర్రంకెల ఉరుకు.
పెట్టెయ్, పెట్టెయ్ అని సైగ చేశాను.

నాకు తెలుసా పరుగు.
మా సంగడిగుంట వీధి మొత్తానికీ
కిరసనాయిలు డీలరింట్లోనే ఫోను.
శుభలేఖల మీద కూడా ఆయన నంబరే, పక్కన పి.పి.
"ఫోనొచ్చింది" అని కేక వినపడితే
అక్క నన్ను చంకనేసుకుని పరిగెత్తేది.
చేరేసరికి, ఎన్నిసార్లో,
గుయ్యిమనే చప్పుడొక్కటే.

పది నిమిషాలు బల్ల మీద కూచుంది.
సోడా గోళీ కీచుమంటే ఉలిక్కిపడి నవ్వింది.
మళ్లీ కలిపాను.
ఈసారి రెండే మాటలు. ఆపైన
తీగ సాగినంత మేర రిసీవరు రోడ్డు వైపు చాపింది.
తెనాలి తెనాలి తెనాలి, నాన్‌స్టాప్,
ఆటో హారను, ఏసోబు సుత్తి,
ఎవరిదో చిల్లర గొడవ,
అన్నీ వెళ్లాయి, నిమిషానికింతని.

తర్వాత నా చెవికి ఆనించింది.
గాలి. బోలెడు గాలి.
ఎక్కడో మెడగంట, ఓ కుక్క.
అటు ఫోను ఎత్తిపట్టుకున్న పిల్లాడెవడో
ఊపిరి బిగబట్టలేక వదిలేశాడు.

బిల్లు చరచరా వచ్చింది. నోట్లిచ్చి బస్సెక్కేసింది.
రాత్రి లెక్క చూస్తే
పద్నాలుగు రూపాయలు ఎక్కువ తీసుకున్నాను.

ఇప్పుడు డబ్బాలో జిరాక్సు, రీచార్జి, పాన్ కార్డులు.
రేట్ల కాగితం మాత్రం పీకలేదు.
అడుగున నా చేతిరాతతో ఒక దేశం,
ఎదురుగా సరిచేసిన రేటు.
ఆ తర్వాత దానికెవరూ అడగలేదు.
బాకీల పుస్తకంలో, పేరు తెలీక, నంబరే రాసుకున్నాను,
చివర పి.పి. అని.