సులూసు వారు

బడిలో వేసిన రోజు హెడ్మాస్టరు
"సులూసా? అదేం ఇంటిపేరే?" అని నవ్వి
"సులువు" అని రాసుకున్నాడు.
అప్పట్నుంచీ ఏదీ సులువుగా జరగలేదు.

రేషను కార్డులో సులస.
ఓటరు జాబితాలో శూలం.
గ్యాసు పుస్తకంలో మా ఆయన ఇంటిపేరు, దాని మీద గీత,
పక్కన మళ్ళీ నాదే, దీర్ఘం లేకుండా.
రాణిగారితోట సచివాలయంలో కుర్రాడు
అన్నీ బల్ల మీద పరిచి
"అమ్మా, వీళ్ళందరూ మీరేనా?" అన్నాడు.
అవునన్నాను.
ప్రమాణం చెయ్యమంటే చేస్తానన్నాను.

మా నాన్న పేరయ్య బందరు కాలవ లాకుల దగ్గర మనిషి.
పొగాకు పడవైనా వడ్ల పడవైనా
ఆయన చక్రం తిప్పితేనే దిగాలి.
గ్రీజు చేతుల్తో అన్నం తినేవాడు.
"ముందు పై గేటు మూయాలి, అప్పుడే కింది గేటు.
రెండూ ఒక్కసారి తెరిచావా, ఊరు నీదీ కాదు నాదీ కాదు."
"ఏ ఇంటివాళ్ళు?" అని సరంగు అడిగితే
"సులూసు వాళ్ళం."
"అంటే?"
"అంటే సులూసు వాళ్ళమే."

నాయనమ్మ వజ్రమ్మ చెప్పేది,
మనం బందరు నుంచి కాలవ గట్టెంట పైకొచ్చామని.
కాలవ తవ్వకముందు? బండి బాటెంట.
బండికి ముందు?
"అప్పటికి నువ్వూ లేవు, నేనూ లేను. నిద్దరపో."

మొన్న మాఘంలో చుట్టాల పెళ్ళికి బందరెళ్తే
ఆదెయ్య మేష్టారు వలందుల సమాధుల దగ్గరికి తీసికెళ్ళాడు.
ఒక రాతి మీద కాగితం పరిచి బొగ్గు రుద్దాడు.
నల్లటి కాగితంలో తెల్లగా
ఒక్కో అక్షరం నీళ్ళలోంచి లేచినట్టు లేచింది.
వాన్ డెర్ స్లౌస్.
"స్లౌస్ అంటే వాళ్ళ భాషలో లాకు.
లాకు దగ్గరి వాడు అని అర్థం," అన్నాడు.

ఆ రాతి మీదే కూలబడ్డాను.
ముప్ఫై రెండేళ్ళు చక్రం తిప్పాడు మా నాన్న,
తన పేరునే తిప్పుతున్నానని తెలీక.

"రక్తమనుకోకు," అన్నాడు మేష్టారు.
అద్దకం బట్టల మూట మీద దొర ముద్ర ఉండేదేమో,
మూట మోసినవాణ్ణి మూట పేరుతో పిలిచుంటారు.
వంటవాడో, దుబాసీయో.
లేకపోతే ఎవరో ఒకావిడ.
అక్కడాగి, బొగ్గు చేతులు దులుపుకున్నాడు.
ఆవిడకీ ఒక ఇంటిపేరు ఉండే ఉంటుంది.
దాని మీద ఎవరూ కాగితం పరచలేదు.

మిగతావాళ్ళ సంగతి విన్నాను తర్వాత.
గుంటూరు మిర్చి యార్డులో ఒక సులూయిస్ అండ్ సన్స్ ఉంది,
ఘాటుకి తుమ్ముకుంటూ ఆదివారం చర్చికి పోతారు.
గుడివాడ వైపు పోయినవాళ్ళు నిజంగానే శూలం వారై
శివరాత్రికి జాగారం చేస్తున్నారు.
తెనాలి వాళ్ళకి ఈ పేరు నోరు తిరగక
ఎవరో ఇంజనీరు చెప్పాడని తూము వారైపోయారు.
దారి తప్పి, తిన్నగా ఇంటికే చేరినట్టు!
ఆ మాట వాళ్ళకి ఫోన్ చేసి చెబితే
"మాకు ఆస్తుల్లో వాటా ఏవన్నా వస్తుందా?" అన్నారు.

తిరిగొచ్చాక ఒక సాయంత్రం లాకుల దగ్గరికెళ్ళాను.
గేటుకి గుర్రపుడెక్క, ఒక చెప్పు, సగం వినాయకుడు.
చక్రం పళ్ళ సందులో ఇంకా కొంచెం గ్రీజు.
వేలితో తీసి వాసన చూశాను.
అన్నం గుర్తొచ్చింది.

ఇవాళ మళ్ళీ సచివాలయం.
"ఏదో ఒకటి ఖాయం చెయ్యండమ్మా,
సర్వర్ పోతుంది," అంటున్నాడు కుర్రాడు.
వెనక క్యూలో ఎవరో దగ్గుతున్నారు.

ఆగు బాబూ.
ముందు పై గేటు మూయాలి.