ముందు నేల చెప్పు

పీణ్యా రెండో స్టేజీలో
వారమంతా పంపుల మూతలు కోసే మిషను
ఆదివారం నా మాట వింటుంది.
రిమోట్ కార్ల కుర్రాళ్ళు షట్టరు కిందనుంచి వంగి వస్తారు.
"అక్కా, మంచి ఛాసిస్ ఒకటి."
మంచిదంటే ఏది నాయనా?
ముందు నేల చెప్పు.

కార్పెట్ పరిచిన హాలా?
అయితే అల్యూమినియం, వంగనిది.
అక్కడ టైరు నేలని
చంటిపిల్ల కొంగు పట్టినట్టు పట్టుకుంటుంది.
బరువు అడుగున లేకపోతే
మొదటి మలుపులోనే పిల్లిమొగ్గ.

పార్కింగ్ తారా?
పొద్దున జారుతుంది, రెండింటికి జిగురవుతుంది.
కార్బన్ ఫైబర్ తీసుకో, రెండుంబావు మిల్లీమీటర్లు.
పై డెక్కులో రెండు స్క్రూలు ఊడదీసి జేబులో వేసుకో.
కాస్త ఒళ్ళు వంగితేనే అక్కడ పట్టు.
ఆ రెండు స్క్రూలూ పారెయ్యకు,
సాయంత్రానికి కావాలంటావు.

హెసరఘట్ట వైపు ఎర్రమట్టా?
ఈ పలక సరుకేదీ ముట్టుకోకు.
బగ్గీ, పొడుగు డాంపర్లు,
పొట్ట నేలకి తగలని ఎత్తు.
బెల్టు వద్దు, రాయి దూరితే పళ్ళు రాలతాయి.

ఏ ఎండకా గొడుగు పట్టేవాణ్ణి
మనుషుల్లో అయితే తిడతాం.
ఈ బల్ల దగ్గర అదే చదువు.

నిన్న తిమ్మరాయప్పగారు వచ్చారు,
ముప్పైనాలుగేళ్ళు ఉత్తరాలు పేటలవారీగా విడదీసిన చేతులు.
ప్లేట్లన్నీ అంచు నిమిరి చూశారు.
నేల చెప్పండి సార్, అన్నాను.
"ట్రాక్ ఎక్కడిదమ్మా, మా వీధే."

కావేరి పైపు కోసం తవ్వి సగం పూడ్చినది,
ఎవరో రాత్రికి రాత్రి పోసుకున్న రెండు హంపులు,
నాలుగు గజాలు కాంక్రీటు, తర్వాత కంకర,
ఒక గేటు ముందు తొక్కకూడని ముగ్గు,
నడిమధ్య లేవని కుక్క.
ఆ నేల నెలకోసారి మారుతుందట.

నా దగ్గర అలాంటి డ్రాయింగు లేదు.
చాలాసేపు ఫైళ్ళు తిరగేశాను.
చివరికి బల్లకింద, నూనెగుడ్డల్లోంచి
నేను కోసిన మొట్టమొదటి ప్లేటు తీశాను.
ఆ రోజు జీరో తప్పు పెట్టాను,
ఒకవైపు రంధ్రాలు అరమిల్లీ పక్కకి పోయాయి.
పారేయడానికి ఆరేళ్ళుగా చెయ్యి రాలేదు.

ఇది నేరుగా పోదు సార్,
ఎప్పుడూ కొంచెం ఎడమకి లాగుతుంది.

ఆయన దాన్ని కంటి ఎత్తున పెట్టి
స్టాంపు చూసినట్టు చూశారు.
"పర్వాలేదమ్మా,
గుంత కుడివైపే ఉంది."