బడబ

మూడో ఏడు కూడా చూలు నిలవలేదు.
సోన్‌కుల్ సరస్సు పక్కన, గాలికి తలొంచిన గడ్డిలో
తోకకి పేలిక చుట్టించుకుని
నిలబడి ఉంది గోధుమరంగు గుర్రం.

భుజం దాకా ప్లాస్టిక్ తొడుగు లాక్కుంటూ
"దీని చివరి పిల్ల ఎప్పుడు?" అంది డాక్టరు సైరాగుల్.
"మంచు ఆలస్యంగా కరిగిన ఏడు" అంది ఉల్‌బోల్సున్.
ఆ కొండల్లో లెక్కలు అలాగే ఉంటాయి.

ఉల్‌బోల్సున్ అంటే కొడుకు పుట్టుగాక అని.
అయిదో ఆడపిల్లకి తండ్రి పెట్టిన పేరు.
అరవై రెండేళ్ళుగా
ఇంకెవరినో పిలిచే పిలుపుకి
తనే పలుకుతోంది.

ఈనని గుర్రాన్ని వాళ్ళు కిసిర్ అంటారు.
మనం గొడ్డు అంటాం.
పశువుకీ అదే మాట, కడుపు పండని ఆడదానికీ అదే మాట.
మన పెద్దలు మాటల్లో పొదుపరులు.

మొగుడు జుమకదిర్ గుడారం గుమ్మంలో కూర్చుని
కత్తేమీ నూరడం లేదు, ఊరికే చూస్తున్నాడు.
చలికాలానికి ఒక గుర్రాన్ని కోయాలి.
ఏ గుర్రాన్నో అతను ఇంకా చెప్పలేదు.

అరచేతంత తెర మీద ఎండ పడకుండా
ఉల్‌బోల్సున్ కోటు విప్పి అడ్డం పట్టింది.
ఆ కాస్త చీకట్లోకి ఇద్దరూ తలలు దూర్చారు.
ఎదకొచ్చిన రోజుల్లో గర్భసంచి
అడ్డంగా కోసిన కమలాపండులా కనపడాలి, తొనలు తొనలుగా.
కనపడింది.
తొనల మధ్య మాత్రం నల్లటి మడుగు,
మడుగులో తేలుతూ బూడిదరంగు నలుసులు.
"దాటించి రెండు రోజులైంది కదా,
నిన్నటికే ఇంకిపోవాలి ఈ నీళ్ళు."

నీళ్ళడుగున ఆరని నిప్పుకి
గుర్రం పేరు పెట్టి బడబ అన్నవాళ్ళు
సముద్రాన్ని చూశారో లేదో.
ఇలాంటిదొకటి మాత్రం వాళ్ళ కొట్టంలో ఉండే ఉంటుంది.

"పోయినేడు దూదిపుల్ల పెట్టి చూశారుగా,
ఏమీ లేదన్నారుగా."
ఔను. ఆ చీటీ మీద సంతకం సైరాగుల్‌దే.
దూది అబద్ధమాడలేదు.
తను తాకిన చోటు సంగతే చెప్పింది.
కొన్ని క్రిములు గోడ లోపలికి పోయి
పలక్కుండా పడుకుంటాయి,
అప్పులవాడు తలుపు తట్టినప్పుడు
ఇంట్లో ఉన్నవాళ్ళలా.

అందుకని ఈసారి కడిగి అడిగింది.
సన్నని గొట్టంలోంచి గిద్దెడు సెలైన్ పంపి
లోపలి చేత్తో సంచిని మెల్లగా పిసికి
అవే నీళ్ళు వెనక్కి పట్టుకుంది.
తేటగా వెళ్ళినవి గంజిలా తిరిగొచ్చాయి.
గుర్రం వెనక్కాలు ఎత్తింది.
ఎందుకో తన్నకుండా దించేసింది.

జీపు బానెట్ మీద మైక్రోస్కోపు.
నీలం అద్దిన గాజుపలక నిండా చీము కణాలు.
సైరాగుల్ చాలాసేపు కన్ను తియ్యలేదు.
పోయినేడు తను తొందరగా ఇంటికెళ్ళిన సాయంత్రం
అందులో కనపడుతున్నట్టుంది.

నారిన్ పట్నంలో, నెత్తురు కలిపిన జిగురు పళ్ళెంలో
రెండోనాటికి మంచుబొట్లలాంటి చుక్కలు లేచాయి.
ఒక్కో బొట్టు చుట్టూ ఎరుపు కరిగిపోయిన వలయం.
క్రిమి పేరు తెలిసింది.
ఏ మందుకు లొంగుతుందో కూడా.

ఫోను పలికేది కొండ మీదే.
ఉల్‌బోల్సున్ ఆ గుర్రాన్నే ఎక్కి కొండ మీదికెళ్ళింది.
"మందు వేస్తాను. నిలుస్తుందని మాటివ్వలేను,
పదిహేడేళ్ళది" అంది అవతలి గొంతు.
"ఎన్నాళ్ళుగా ఉంది లోపల?"
"మూడేళ్ళూ ఉండొచ్చు."
గాలికి మాట సగం ఎగిరిపోయింది.
"ఏమన్నావు?"
"మూడేళ్ళూ దాని మీద ఎక్కి తిరిగానన్నాను."

దిగేటప్పుడు ఎక్కలేదు.
పగ్గం పట్టుకుని ముందు నడిచింది.
కింద జుమకదిర్
ఏం తేలిందని అడగబోయి
ఆమె బూట్లకంటిన బురద చూసి
ఊరుకున్నాడు.