కొంగుముడి

మొదటివాన పడిన తెల్లారే
కుట్టుమిషను కుదవబెట్టి
జొన్నగిరి చేలకు పోయినాడు మద్దిలేటి.
సగం కుట్టిన జాకెట్లు నాలుగు
కొక్కేనికి అట్లే వేలాడుతుండాయి.

మా అత్త "తిక్క నాకొడుకు" అంటాది.
తిట్టే అది. కానీ
సద్దిమూటలో ఇంకో ఉల్లిగడ్డ పెడుతూ అంటాది.
వడ్డీ ఉసేనప్ప "తెలివితక్కువ పని" అంటాడు
మెల్లగా, వేళ్ళమీద నెలలు లెక్కబెట్టుకుంటూ.
ఆ మాటకు నూటికి మూడు రూపాయలు.
జాకెట్లిచ్చిన టీచరమ్మ "అవివేకం" అనింది.
కళ్ళద్దాలు తుడుచుకుంటే గానీ
నోట్లోంచి రాని మాట.
బడిపిల్లోళ్ళకు అంత ఓపికేది?
"లూజు!"

బుద్ధి గడ్డి తినిందని నేనూ అన్నా.
రెండేండ్లుగా వానల్లేక
గడ్డి మాత్రం యాడుంది తినడానికి?

బస్సు దిగి నడిస్తే
ఎర్రమన్నులో
వంగినోళ్ళు వంగినట్లే.
బళ్ళారోళ్ళు, గుంటూరోళ్ళు,
పాలడబ్బా మూతతో మన్ను గీకే ఒక ముసలాయన,
చంకలో బిడ్డతో ఒక ఆయమ్మ.
ఎవురూ ఎవురినీ ఏమీ అనడం లే.
తిట్లన్నీ ఊళ్ళల్లోనే వదిలేసి వచ్చినట్లు.

"లెయ్, ఇంటికి పోదాం" అందామనే పోయినా.
మనిషి తలెత్తలే.
"ఎండ వాలేటప్పుడే మెరుస్తాయి.
పక్కకు జరుగు, నీ నీడ పడతాంది."

జరిగినా.
జరిగిన కాడ
ఏందో తళుక్కుమనింది.

రాత్రి సంగటిముద్ద ముందర పెట్టి
"కొంగుముడిలో ఏముందే?" అనింది అత్త.
"ఏం లేదత్తా" అన్నా,
"రవ్వంత తిక్క."