అట్టగోడ వెనక

అతని పియానోలో తీగలు లేవు.
లోపల కంబళి కుక్కేశారు,
మీట నొక్కినా టక్కుమనకుండా.
బర్బాంక్‌లో, నాలుగో నంబరు స్టూడియోలో
అట్టగోడ వెనక నేను.
బొత్తామంత కంతలోంచి
హార్లన్ చేతులు చూస్తూ వాయించేదాన్ని.
ఆరేళ్ళు. మొహం చూసింది తక్కువే.

ఓ శుక్రవారం, పాట మధ్యలో
అతని వేళ్ళు గాల్లో నిలిచిపోయాయి.
నేనూ ఆగాను.
జనం పగలబడి నవ్వారు, జోకనుకుని.
పొద్దున ఆస్పత్రి నుంచి ఫోనొచ్చిందట.
మేకప్ తుడుస్తూ వెర్నా చెప్పింది, తర్వాత.

ఇప్పటికీ మధ్యాహ్నం రెండింటికి వేస్తారు.
చివర్లో పరిగెత్తే పేర్లలో నేనుండను.
సరే, అదో గొడవ.
సూప్ గిన్నె ముందు పెట్టుకుని చూస్తాను.
ఆ చోటు రాగానే
బల్లమీద నా వేళ్ళు లేస్తాయి,
నవ్వు తగ్గేదాకా
అలాగే ఉంటాయి,
అతనెప్పుడు మొదలెడతాడో అని.