చీటీ

పీణ్య ఫ్యాక్టరీ గేటు కాడ
ఫోన్లన్నీ గూళ్లల్లో పెట్టి లోపలికి పోవాల.
నా గూడు నూట పద్నాలుగు.
అది మోగినా నాకు వినపడదు.

అందుకే చీటీ రాసిచ్చినా:

మా ఓబులేసుకు ఫిట్స్ వస్తే
పక్కకు తిప్పి పండబెట్టండి.
నోట్లో చెంచా, చేతిలో తాళాలు
ఏమీ పెట్టొద్దు.
గడియారం చూడండి.
ఐదు నిమిషాలు దాటితే
బ్యాగులో నీలం డబ్బా, ముక్కులో కొట్టే మందు.
లేచినాక వానికి సిగ్గు.
పిల్లోళ్లు చూడకుండా నిక్కరు మార్చండి.

తెలుగులోనే రాసినా.
మడకశిరలో ఏడో తరగతి దాకా తిరిగిన చెయ్యి ఇది.

నిన్న మూడో పీరియడ్లో వచ్చిందంట.
అప్పుడు నేను కాలర్లు కుడతా ఉంటి,
గంటకు ఎనభై.

సాయంత్రం గిరిజా మేడమ్ చీటీ విప్పింది.
నా అక్షరాల తలకట్లన్నీ
పెన్సిల్‌తో వంచి
కన్నడ చేసుకునింది.
మూలన ఆమె లెక్క: మూడు నిమిషాల పది సెకన్లు.

ఒక్క మాట కింద మాత్రం గీత.
"సిగ్గు అంటే?"
కన్నడలో ఏమంటారో నోటికి రాలేదు.
తల వంచి చూపించినా.

కిటికీ ఊచకు నిక్కరు ఆరతా ఉంది.
ఎవరిదని పిల్లోళ్లు అడిగితే
ఆయా సాకమ్మ
మా మనవడిది, ట్యాంకు కాడ తడిపినాడు అనిందంట.

బస్సులో వాడు కాళ్లూపుతా అడిగినాడు:
"మూడో పీరియడ్లో ఏం చెప్పినారమ్మా?"

ఏమో నాయనా.
ఆ పొద్దు
ఇద్దరమూ క్లాసులో లేము.